కొత్త ఇంట్లో జాయినింగ్ రిపోర్టు
(సంక్రాంతి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



అమలాపురం విడిచి విశాఖపట్నం వెళ్ళిన తరువాత మా దంపతుల క్షేమసమాచారం చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. మా ఆవిడ ముందు వరసలోనే కూర్చుంది కనుక అబద్ధాలు చెప్పే వీలు లేదు. ఉన్నదున్నట్టు మనవి చేస్తాను.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. డెబ్బై దాటాక ఇల్లు మారి చూడు అని కూడా చేర్చవలసింది. నేను స్నానాలగదిలో జారిపడటం, ఆవిడకు మోకాళ్ళు పట్టేయడం ఒకే నెలలో జరిగాయి. పెద్దవాడు వచ్చి, "ఇక మీరిద్దరే ఇక్కడ వద్దు" అని ఉత్తర్వు జారీ చేశాడు. ముప్ఫై నాలుగేళ్ళ సర్వీసులో బదిలీ ఆర్డరు వస్తే ఎవరో ఒకరిని పట్టుకుని ఆపించుకునేవాణ్ణి. దీనికి మాత్రం అప్పీలు లేకపోయింది.

సామాను సర్దేటప్పుడు నేను పద్ధతి ప్రకారం డెడ్‌స్టాక్ రిజిస్టరు తయారుచేశాను. పనికిరానివి అని నలభై వస్తువులు రాస్తే, పై అధికారిణి ముప్ఫై ఎనిమిది కొట్టేసింది. అందులో మొదటిది రుబ్బురోలు. మేమున్నది మూడో అంతస్తు. రోలూ, ఇద్దరు కూలీలూ, నేనూ లిఫ్టు ఎక్కాం. "ఆ రాయి ఎందుకు బాబుగారూ, కిందనే ఉంచీండి" అన్నాడు వాచ్‌మన్. మా ఆవిడ చూసిన చూపుకి అతను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ఇక పండుగ సంగతి. భోగిమంట వేద్దామంటే అపార్ట్‌మెంటు కమిటీ మూడు షరతులతో అనుమతించింది. మంట గేటు బయట ఉండాలి, నడుము ఎత్తు దాటకూడదు, పక్కన రెండు బక్కెట్ల నీళ్ళుండాలి. పిడకలు మనవడు ఫోనులో ఆర్డరిచ్చి తెప్పించాడు. అట్టపెట్టెలో, కాగితాల మధ్య, గాజుసామానులా వచ్చాయి. వాటి ధర మా నాయనమ్మ వింటే మళ్ళీ పుట్టి పిడకలు చేసుకుని బతికేది. చెయ్యి విరిగిన నా పాత కుర్చీ మంటలో వేద్దామని కిందకి తెస్తే, ఆవిడ వెనకాలే వచ్చి మళ్ళీ పైకి పట్టుకుపోయింది.

ముగ్గు వేయడానికి వాకిలి లేదు. లిఫ్టుకీ గుమ్మానికీ మధ్య నాలుగడుగుల వరండా. వంగలేక ఆవిడ కుర్చీలో కూర్చుని చుక్కలు చెబుతుంటే, ఎదురింటి కోడలూ పక్కింటి పిల్లలూ వేశారు. ఆ కుర్చీ ఏదంటారా? మంట నుంచి తప్పించుకున్నదే!

కనుమనాడు గారెలకి పప్పు రోట్లోనే రుబ్బాలని పట్టుబట్టింది. పొద్దున్నే రుబ్బటం మొదలుపెట్టేసరికి కింద అంతస్తు ఆయన పైకి వచ్చి, "మీ ఇంట్లో ఏమైనా రిపేర్లు జరుగుతున్నాయాండీ?" అని అడిగాడు. పది గారెలతో దిగి వెళ్ళాడు. ఇప్పుడు, "మళ్ళీ రిపేర్లు ఎప్పుడు?" అని ఆయనే అడుగుతున్నాడు.

ఇంతవరకు నవ్వుకునే సంగతులు. ఇక అసలు సంగతి.

కనుమనాడు కాకైనా కదలదంటారు కదా. నేనూ కదలక, చిరునామా మార్పు కోసం పెన్షను కాగితాలు తీద్దామని ఇనప్పెట్టె తెరిచాను. ఆ పెట్టెకొక కథ ఉంది. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను మీలో ఎవరూ మరిచిపోయి ఉండరు. నేను ఆఫీసు డ్యూటీలో చిక్కుకుపోయాను. ఇంట్లో పెంకులు లేచిపోతుంటే మా ఆవిడ పిల్లల్ని మంచం కింద దూర్చి, ఈ పెట్టె మీద దుప్పటి కప్పి, తెల్లవార్లూ దానిమీదే కూర్చుంది. మర్నాడు అడిగితే, "మీ సర్టిఫికెట్లు తడిస్తే మీ ఉద్యోగం ఏమవుతుందో అని" అంది. ఉన్న నాలుగు పట్టుచీరలూ నానిపోయాయి. నా కాగితం ఒక్కటీ తడవలేదు.

ఆ పెట్టెలోంచి 2009లో నేను రిటైరైనప్పుడు ఇచ్చిన పెన్షను ఆర్డరు తీశాను. అందులో ఆవిడ పేరు చివర ‘అమ్మ’ అని ఉంది. ఆధార్‌లోనూ, బ్యాంకు పుస్తకంలోనూ ‘దేవి’ అని ఉంది. పుట్టిన సంవత్సరం రెండేళ్ళు తేడా. పెళ్ళి శుభలేఖ చూసి నేను రాయించిందొకటి, ఆవిడ బడి సర్టిఫికెట్టులో ఉన్నదొకటి. ఊరందరి దరఖాస్తుల్లో తప్పులు వెతికిన గుమాస్తాని, సొంత భార్య పేరు పదహారేళ్ళు సరిచూసుకోలేదు.

రేపు నేను లేనినాడు ఆవిడ కుటుంబ పెన్షను కోసం కౌంటరు దగ్గర నిలబడితే, "ఈ ఇద్దరూ ఒకరే అనడానికి ఆధారం ఏదమ్మా?" అని అక్కడి గుమాస్తా అడుగుతాడు. అడగాలి కూడా. నేనూ అడిగాను. అలా అడిగించుకుని, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళినవాళ్ళ ముఖాలు ఆ పూట నాకు వరసగా గుర్తొచ్చాయి.

కాగితం ఆవిడ చేతికిచ్చి తప్పు ఒప్పుకున్నాను. చాలాసేపు చూసి, "పోనీలెండి, రెండేళ్ళు చిన్నదాన్నయ్యాను" అంది. ఆ తరువాత కళ్ళజోడు తీసి, "ముందు ఇది దిద్దించండి" అంది. మేమిద్దరం ఇప్పుడు ఇక్కడికి వచ్చింది ఆ పనిమీదే. నిన్న సవరణ దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకున్నాం. సవరణ ఇంకా రాలేదు. వచ్చేదాకా వదలను.

మిత్రులారా, మనది హక్కు. 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఆ మాటే చెప్పింది. అందుకే ఆ రోజు పెన్షనర్ల దినం జరుపుకుంటున్నాం. కాని హక్కు ఉన్నా, కాగితం సరిగా లేకపోతే మన ఆడవాళ్ళు తిరగవలసి వస్తుంది. ఈవాళ ఇంటికి వెళ్ళాక పెన్షను ఆర్డరు, ఆధార్, బ్యాంకు పుస్తకం మూడూ పక్కపక్కన పెట్టి, భార్య పేరూ పుట్టిన తేదీ సరిచూడండి. తేడా ఉంటే మీరు ఉండగానే దిద్దించండి. ఆ కాగితం ఎక్కడుందో, నంబరు ఎంతో ఆవిడకు చెప్పండి. ఆవిడే పెన్షనరైతే మీ పేరు చూసుకోండి.

నిన్న సాయంత్రం మా పాత ఇంటి ముందు నుంచి నడిచాం. అద్దెకున్నవాళ్ళు వాకిట్లో ముగ్గు వేశారు. ఆవిడ కాసేపు నిలబడి చూసింది. "బాగానే ఉంది, చుక్కలు కొంచెం వంకర" అంది. నేను ఏమీ అనలేదు. కాసేపటికి తనే, "రేపు మీటింగు అవగానే ఇంటికి వెళ్ళిపోదామండీ, రోలు మీద గుడ్డ కప్పకుండా వచ్చాను" అంది.

అంటే కొత్త ఇంట్లో ఆవిడ కూడా జాయినింగ్ రిపోర్టు ఇచ్చినట్టే కదా!