గళ్లు గీసి లెక్క చేయుట
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



పద్యములను గూర్చి మాటాడుమని కార్యదర్శిగారు కోరిరి. కాని సాయంకాలములయందు ఈ చదువుగదిలో పోటీపరీక్షలకు సిద్ధపడు బాలబాలికలను నేను చూచుచున్నాను. కూడికలు, గుణకారములు వారికి కంఠస్థములు. నాలుగు వాక్యముల లెక్క ఎదురైనచో మాత్రము కలము కొరుకుచు కూర్చుందురు. అందుచేత నేడు పద్యములను ప్రక్కనుంచి లెక్కను చేపట్టితిని. పండితులు మన్నింతురు గాక.

నేను కరణముల యింట పుట్టినవాడను. ఆ యుద్యోగములు 1984లో రద్దయినవి. నేడు ఊరివారి జమాఖర్చులు వ్రాయుచున్న నాకు గళ్లు గీయు నలవాటు మాత్రము తాతలనాటి నుండి మిగిలినది. అడంగలు ఎట్లుండునో పెద్దలెరుగుదురు. ఒక్కొక్క సర్వే నంబరునకు ఒక వరుస. విస్తీర్ణమునకు, పైరునకు, నీటి వనరునకు వేరువేరు గళ్లు. వ్రాయక విడిచినది చూడగనే తెలియును. అదే విషయమును వాక్యములుగా వ్రాసినచో పదిమార్లు చదివినను లోపము కనబడకపోవచ్చును.

మన పూర్వ గణితజ్ఞులకును ఈ మర్మము తెలియును. 499 నాటి ఆర్యభటీయమునందు త్రైరాశికము కలదు. ప్రమాణము, ఫలము, ఇచ్ఛ అను మూడు రాశులు తెలిసినచో నాల్గవదానిని కనుగొనవచ్చును. భాస్కరాచార్యుల లీలావతిలో (1150) ఐదు, ఏడు, తొమ్మిది, పదునొకండు రాశుల లెక్కలును గలవు. మహావీరాచార్యుల గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెనిగింపగా, మన కరణములు దానిని చదువుకొనిరి.

పంచరాశికమును చూడుడు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. 750 రూపాయలకు 8 నెలల వడ్డీ యెంత?

రూపాయలు : 100 — 750
నెలలు : 1 — 8
వడ్డీ : 2 — ?

కుడివైపున ఒక గడి ఖాళీగా నున్నది. అడిగినది అదియే. ఎడమనున్న ఫలమగు 2ను ఆ గడిలోనికి మార్చుడు. కుడివైపు మూటిని గుణింపగా 12,000. ఎడమవైపు రెంటిని గుణింపగా 100. భాగించిన 120 రూపాయలు. అసలు ఏడున్నర యింతలైనది, కాలము ఎనిమిదింతలైనది. వడ్డీయు ఆ రెండు విధముల పెరిగినది.

ఇందొక ప్రమాదము కలదు. నా కిరువదిరెండేండ్ల వయస్సున, సముద్రపు టొడ్డు పల్లెనుండి నాట్లకు బయలుదేరిన ముఠా పెద్దమ్మ నన్నొక లెక్క యడిగినది. 12 మంది 6 దినములలో నాటు పొలమును, ముగ్గురు జ్వరపడగా 9 మంది ఎన్ని దినములలో నాటుదురు? అన్నాళ్లకు సరిపడు బియ్యము మూట కట్టుకొనవలెను. నేను గళ్లు గీయక, నోటితోనే 6ను 9చే గుణించి, 12చే భాగించి, నాలుగున్నర అంటిని. ఆమె సందేహించినను చదువుకొన్నవాడనని నమ్మినది. ఐదవనాడు వారి కుండ ఖాళీ యైనది. పొలము సగమునకు కొంచెము తక్కువగా మిగిలియున్నది. అప్పుబియ్యముతో ఎనిమిదవనాడు పని ముగించి వచ్చి మా వాకిట నిలిచి, “ముగ్గురు తగ్గితే పని బిన్నా అయిపోద్దా సామీ?” అనినది. అక్షరము రాని యామెకు తోచినది లీలావతి చదివిన నాకు తోచలేదు. అప్పుబియ్యము నేను తీర్చితిని. ఆమె మరల నన్ను లెక్క యడుగలేదు.

దీనిని వ్యస్తత్రైరాశికమందురు. మనుషులు 12 — 9, దినములు 6 — ? అని గళ్లలో వ్రాసి, ఖాళీగడిలో అంకెకు ముందే ‘ఎక్కువ’ అనియో ‘తక్కువ’ అనియో వ్రాసికొనవలెను. మనుషులు తగ్గిరి గనుక దినములు ‘ఎక్కువ’. 12ను 6చే గుణింపగా 72, 9చే భాగింపగా 8.

పోటీపరీక్షలవారికి ప్రియమైన వయస్సుల లెక్క యొకటి. తండ్రి వయస్సు కొడుకు వయస్సునకు నాలుగింతలు. 20 ఏండ్లకు రెండింతలగును. పిల్లలు తరచుగా ఆ 20ని తండ్రికి మాత్రము కలిపి కొడుకును మరతురు. నాలుగు గళ్లు గీసిన మరచుటకు వీలులేదు. నేడు కొడుకు 1 పాలు, తండ్రి 4 పాళ్లు. అప్పుడు కొడుకు 1 పాలు 20, తండ్రి 4 పాళ్లు 20. కొడుకు గడికి రెండింతలు 2 పాళ్లు 40. అది తండ్రి గడితో సమానము గనుక 2 పాళ్లు 20, ఒక పాలు 10. కొడుకునకు పది, తండ్రికి నలుబది.

మన గ్రంథాలయమున నల్లబల్ల యొకటి గోడవైపు త్రిప్పి యున్నది. కార్యదర్శిగారు దానిని ఇటు త్రిప్పించినచో, ఆదివారము సాయంకాలమునకు సుద్దముక్కలు నేను తెత్తును.