బానెట్ ఎత్తితే బయటపడే సంగతులు

ముందొక సంగతి తేల్చేసుకుందాం. పాత కార్ల పోటీలో బానెట్ కింద ఎంత తళతళలాడితే అన్ని మార్కులని ఈ జిల్లాలో ఎవరో పుకారు లేవదీశారు. వాళ్ళు ఈ హాల్లోనే ఉంటే కాస్త ముందు వరసకు రండి. అంబాసిడర్ టాపెట్ కవర్‌కి క్రోమ్ వేయించి పోటీకి తెస్తున్నారు. ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో దానికి వేసింది రంగు. క్రోమ్ చూడగానే నా పెన్ను దానంతటదే మార్కులు కోసేస్తుంది.

జడ్జీలుగా మేం చూసేది ఒక్కటే. బండి తయారైన ఏడు ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు ఇంజన్ ఇలాగే ఉందా, లేదా? కొత్తగా మెరుస్తోందా, ఎంత పోసి కొన్నారు, ఇవేవీ మాకు అక్కర్లేదు.

మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నుంచి 1957లో అంబాసిడర్ పుట్టిన కథ మీకు తెలిసిందే, వదిలేస్తాను. ఇంజన్ మాత్రం వదలను. మొదట్లో వచ్చింది 1476 సి.సి. సైడ్ వాల్వ్. 1959లో 1489 సి.సి. ఓవర్‌హెడ్ వాల్వ్ వచ్చింది, బి.ఎం.సి. వాళ్ళ బి సిరీస్. కాబట్టి 1958 బండిలో ఇంజన్ నెత్తిన టాపెట్ కవర్ కనిపించిందంటే నేను జేబులోంచి టార్చి తీయాల్సిన పని కూడా ఉండదు.

ఇక రెండో పుకారు, ఇంగ్లండు సరుకైతేనే గొప్పని. "ఇంగ్లండు నుంచి తెప్పించాం సార్!" ఈ మాట వింటే నాకు బీపీ పెరుగుతుంది. ఇదే బి సిరీస్ ఇంజన్ అక్కడ ఎం.జి.ఏ. కార్లలోనూ ఉండేది. అందుకే అక్కడ ఇప్పటికీ సామాను దొరుకుతుంది. తెచ్చి బిగిస్తే బిగుస్తుంది, బండీ నడుస్తుంది. షికారుకైతే నిక్షేపంగా వాడుకోండి. పోటీకి మాత్రం వద్దు.

గోదావరి జిల్లా పెద్దాయన ఒకరు, పేరెందుకు లెండి, తాతగారి 1968 బండి తెచ్చారు. ముచ్చటైన బండి. వంగి చూస్తే డిస్ట్రిబ్యూటర్ ధగధగా మెరుస్తోంది. "ఇదెక్కడిదండీ?" అన్నాను. "అసలు సిసలు లూకాస్ సార్, లండన్ సరుకు" అన్నారు, మీసం దువ్వుకుంటూ. టార్చి వేశాను. బాడీ పక్కన చిన్న అంకెలు గుద్ది ఉన్నాయి: 4, దాని పక్కన 72. అంటే 1972 నాలుగో వారంలో తయారైన సరుకు. బండేమో నాలుగేళ్ళు ముందే రోడ్డెక్కింది! నవ్వకండి, మీలో సగం మంది బండ్లలో ఇదే కథ.

మద్రాసు పాడిలో లూకాస్ టి.వి.ఎస్. 1961లోనే మొదలైంది. 1968 బండికి కావలసింది ఆ మద్రాసు సరుకు. దేశం సరుకంటే మనకెందుకో అంత చులకన! 1958 బండి తెచ్చి ఉంటే ఆ ఇంగ్లీషు సరుకు గురించి ఇంకోలా మాట్లాడేవాణ్ణి. ఏడుని బట్టే అన్నీ.

"మరి పాతదేం చేశారు?" అన్నాను. మేస్త్రీ పీకి పడేశాడట. ఎక్కడ పడేశాడు? ధాన్యం కొట్లో, గోనెసంచిలో, విరిగిన హారన్‌తో కలిపి. మధ్యాహ్నానికి మనిషిని పంపి తెప్పించారు. కిరసనాయిలు, పళ్ళు తోముకునే బ్రష్షు పెట్టి రుద్దితే జిడ్డు కిందనుంచి లూకాస్ టి.వి.ఎస్. అక్షరాలు తేలాయి. క్యాప్‌కి సన్నటి పగులు, షాఫ్ట్ కాస్త ఊగుతోంది, అంతే. లేత్ మిషన్ దగ్గర బుష్ వేయిస్తే అయిపోయే పని. అది మానేసి ఓడలో సరుకు తెప్పించారు! మేస్త్రీ విప్పిన ప్రతి ముక్కా మీ ఇంట్లోనే ఉండాలి, తుప్పు పట్టినా సరే. పాత ఇనుము వాడికి వేశారో, ఇక నా దగ్గరికి రాకండి.

మూడోది డీజిల్. పెట్రోలు ఖర్చని ఇంజన్ దింపేసి డీజిల్ ఎక్కించిన బండ్లు మన వైపు కోకొల్లలు. ఆర్.సి. బుక్కులో ఎక్కించాం కదా అంటారు. ఎక్కించారు, ఎవరు కాదన్నారు? తాతగారి ఫోటోకి పక్కింటాయన తల అంటించినట్టుంటుంది. 2021లో కేంద్రం పెట్టిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నిబంధన కూడా యాభై ఏళ్ళు దాటిన బండి అసలు రూపంలో ఉండాలంటుంది. ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చి ఉండకూడదు. ఇక గ్రైండర్‌తో పాత నంబరు చెరిపి కొత్తది గుద్దించే మహానుభావులకు దండం. గ్రైండర్ గీతలు మాకు కనపడవనుకుంటారు!

అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు. గబగబా చెప్పేస్తాను. ఇంజన్ రంగుకి షాపు వాడి షేడ్ కార్డు నమ్మకండి. డైనమో బ్రాకెట్ విప్పండి, ఎండ తగలని పాత రంగు అక్కడ దొరుకుతుంది. సామాను కోసం తిరగాల్సింది మన బెజవాడ ఆటోనగర్, మద్రాసు పుదుపేట, కలకత్తా మల్లిక్ బజార్. వెళ్ళేటప్పుడు పార్ట్స్ లిస్టు చేతిలో ఉండాలి, ఆ ఏడుకి అచ్చయినదే. పాత స్టాకు రబ్బరు పైపులు కొనకండి, డబ్బాలోనే ఎండిపోయి ఉంటాయి. కొత్తవే వేసుకోండి, క్లిప్పులు మాత్రం పాతవి పెట్టండి. పిస్టన్లు ఓవర్ సైజు వేయించారా? మేం ఇంజన్ విప్పి చూడం.

ప్రశ్నలుంటే అడగండి. "నా బండి ఎంత పలుకుతుంది" అని మాత్రం అడక్కండి. అదిగో, వెనక వరసలో చెయ్యెత్తిన బాబూ, నువ్వడగబోయేది అదేనా?