రంగు వేయక మునుపు

ఈ ఉదయము మన ధ్యానానికి లేవీయకాండము 14వ అధ్యాయము 33 నుండి 48 వరకు ఉన్న వచనములు తీసుకుందాము. బైబిలు దగ్గరుంటే తెరచి పెట్టుకోండి. ఏడాదిలో బైబిలంతా చదవాలని జనవరిలో మొదలుపెట్టిన చాలామంది ఈ అధ్యాయము దగ్గరికి వచ్చేసరికి పేజీలు తిప్పేస్తారు. ఇంటి గోడకు కుష్ఠు పొడ ఏమిటి, రాళ్లు ఊడదీయడమేమిటి, ఇందులో మనకేముంది అనుకుంటారు. నన్నడిగితే ఈ అధ్యాయాన్ని ఒక పెయింటరు మేస్త్రి పక్కన కూర్చుని చదవాలి.

అలాంటి మేస్త్రి ఒకాయన నాకు తెలుసు. చల్లపల్లి చుట్టుపక్కల ఊళ్లలో ముప్పై ఏళ్లుగా రంగులు వేస్తున్నారు. ఒక సంఘములో పెద్ద కూడా. ఏ సంఘమో, ఏ ఊరో చెప్పను. సున్నము, డిస్టెంపరు, ఎనామెలు, ఇప్పటి ఎమల్షను అన్నీ ఆయన చేతిమీదుగా నడిచాయి. పెయింటరు పనంటే ఏమిటండీ అని అడిగితే ఆయన ఒక్క మాటలో చెప్పేవారు: కప్పడం. గోడ చెమ్మగిల్లితే దానిమీద లప్పం, లప్పం మీద ప్రైమరు, పైన రెండు కోటింగులు. మన డెల్టాలో నేలలోనే నీరుంది, సముద్రపు గాలి ఉంది, రెండేళ్లకు మళ్లీ పెచ్చులు లేస్తాయి. లేస్తే మళ్లీ పిలుస్తారు. “క్రిస్మస్ దాటేదాకా నిలబడితే చాలు మేస్త్రీ” అనే ఇంటివాళ్లే ఎక్కువ మంది.

కొన్నేళ్ల క్రితం ఆయనకు ఒక పాత మండువా ఇంటి పని వచ్చింది. టేకు స్తంభాలు, టేకు తలుపులు, మేడ ముందు టేకు బల్లలు పరచిన వరండా. ఆ ఇంటి పెద్దబ్బాయి అమెరికాలో ఉంటాడు. అక్కడ ఇళ్ల వెనుక చెక్కతో అరుగులు కట్టుకుంటారు, డెక్ అంటారు. ఎండకూ వానకూ మంచుకూ తెరిచి ఉంటుంది గనుక రెండు మూడేళ్లకొకసారి దానిని కడిగి, ఆరబెట్టి, నూనె పట్టిస్తారు. చాలామంది రంగుతో కప్పరు. ఆ అబ్బాయి ఫోనులో, “మేస్త్రి గారూ, మా వరండాకు రంగు వేయొద్దు. ఉన్న రంగంతా తీసేయండి. తాతగారు వేయించిన చెక్క కనబడాలి” అన్నాడట. జుట్టు నెరిసిన వయసులో ఆయన కొత్త పని నేర్చుకోవలసి వచ్చింది.

మోటారు సైకిళ్లు కడిగే షెడ్డు నుండి నీళ్ల మిషను అద్దెకు తెచ్చారు. దాని బలము ఎంతో తెలుసా? మన కారు టైరులో గాలి చదరపు అంగుళానికి ముప్పై పౌండ్ల చిల్లర ఉంటుంది. ఈ మిషను నీళ్లు రెండు వేల పౌండ్ల దాకా పోతాయి. అంటే అరవై రెట్లకు పైమాటే. మొదటి బల్లమీద ఆయన మిషనును పూర్తిగా తిప్పి, నాజిలు దగ్గరగా పెట్టి కొట్టారు. రంగు ఎగిరిపోయింది. దానితోపాటు చెక్క కూడా లేచింది. టేకు బల్ల నిండా పీచు, మధ్యలో చాళ్లు, నాగలి తోలినట్లు. ఆ బల్లను మళ్లీ బాగుచేయడం కుదరలేదు, తిరగవేసి బిగించారు.

అక్కడ ఆయన పని ఆపేశారు. అమెరికా అబ్బాయి పంపిన వీడియోలు చూశారు, సర్వీసింగు షెడ్డు కుర్రవాణ్ణి అడిగారు, పనికిరాని చెక్కముక్కలమీద వారం రోజులు సాధన చేశారు. తెలిసిందేమిటంటే, నీళ్లు ఒకే సన్నని ధారగా పడే సున్నా డిగ్రీల నాజిలు చెక్కకు పనికిరాదు. అది మనిషి చర్మాన్ని కూడా కోస్తుంది. విసనకర్రలా విచ్చుకునే నలభై డిగ్రీల నాజిలు పెట్టాలి. మెత్తని చెక్కకు ఐదారువందల పౌండ్లు చాలు. టేకైనా సరే ఆయన వెయ్యి దాటనివ్వలేదు. అడుగు దూరములో నిలబడాలి, చెక్కలోని గీతల వెంటే పోవాలి, అడ్డంగా పోకూడదు. ఒకేచోట ఆగకూడదు. అసలు పనిలో ఎక్కువ భాగము నీళ్లది కాదు. ముందు సబ్బునీళ్లు పట్టించి నాననివ్వాలి. తరువాత కడగాలి. ఎండకు నల్లబడి బూడిదరంగు తిరిగిన చోట ఆక్సాలిక్ ఆమ్లము పలుచగా పూసి, మళ్లీ మంచినీళ్లతో కడగాలి. ఆపైన కనీసము రెండు రోజులు ఎండాలి, మన గాలిలో అయితే ఇంకా ఎక్కువ. పూర్తిగా ఆరాకే ఉప్పు కాగితం, ఆ తరువాత నూనె. తడి చెక్కమీద నూనె పట్టిస్తే లోపలి నీరు లోపలే ఉండిపోయి పుచ్చిపోతుంది.

పని పూర్తయ్యాక వరండా చూడడానికి నేనూ వెళ్లాను. తేనెరంగులో మెరుస్తోంది. ఆయన ఒక బల్లమీద చెయ్యి వేసి, “అయ్యగారూ, ముప్పై ఏళ్లు చెక్కను కప్పాను గాని, చెక్కను చూడనే లేదండీ” అన్నారు.

ఇప్పుడు లేవీయకాండము చూడండి. ఇంట్లో కుష్ఠు పొడ లాంటిది కనబడితే యజమాని తానే యాజకుని దగ్గరకు వెళ్లి చెప్పాలి. పొరుగువాడు వెళ్లి చెప్పడం కాదు. యాజకుడు రాకముందే ఇంట్లోని సామానంతా బయట పెట్టించాలి, ఎందుకంటే ఆయన వచ్చి ఇల్లు అపవిత్రమని అంటే లోపలున్న సామాను కూడా అపవిత్రమవుతుంది. ఈ మాట దగ్గర ఒక నిమిషము ఆగండి. యూదుల పెద్దలు మిష్నా అనే గ్రంథములో దీనిని గురించి ఆలోచించారు. ధర్మశాస్త్రము ఎవరి వస్తువుల మీద ఇంత జాలి చూపుతోంది అని అడిగి, ఆ మనిషి మట్టికుండలమీద అన్నారు. లోహపు పాత్ర అయితే కడిగి శుద్ధి చేసుకోవచ్చు, మట్టికుండ అయితే పగులగొట్టాల్సిందే. పేదవాని కుండలు పోకూడదని సర్వోన్నతుడైన దేవుడు జాగ్రత్తపడ్డాడు! తీర్పుకు ముందే దయ గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

ఆ తరువాత ఏడు దినములు ఇల్లు మూసి ఉంచాలి. మళ్లీ చూడాలి. వ్యాపిస్తే ఆ రాళ్లు మాత్రమే తీసి, గోడలు గీకించి, కొత్త రాళ్లు పెట్టి, కొత్త అడుసు పూయాలి. అప్పటికీ తిరిగి వస్తేనే ఇల్లు పడగొట్టాలి. చూశారా, పడగొట్టడం చిట్టచివరి మాట. ఇంకో సంగతి: గీకిన పెళ్లలు ఊరి వెలుపల పారవేయాలి, అక్కడే వదిలేయకూడదు. మన మేస్త్రికి ఇది బాగా తెలుసు. పాతకాలపు రంగులలో సీసము కలిసి ఉండేది. ఇంటి రంగులలో పది లక్షల పాళ్లకు సీసము 90 పాళ్లు మించకూడదన్న నిబంధన మన దేశములో 2017 నవంబరు 1 నుండి అమలులోకి వచ్చింది. అంతకు ముందటి రంగులలో ఎంత ఉందో ఎవరు చెప్పగలరు? అందుకే మిషను ముట్టకముందే ఆయన రంగును తడిపి, మూతికి మాస్కు కట్టుకుని గీకారు. కింద పట్టా పరచి, పెచ్చులన్నీ మూటకట్టి పిల్లలు తిరగని చోటికి చేర్చారు. సంఘములో మనము మనుషులనుండి గీకిన వాటిని ఏమి చేస్తున్నాము? ఒకడు కన్నీళ్లతో ఒప్పుకున్న మాట సాయంత్రానికి టీ కొట్టు దగ్గర వినబడుతుంది. ఆ దుమ్ము మన పిల్లలే పీలుస్తారు.

కప్పడం గురించి నేను ఎక్కువ చెప్పను, అందరూ చెప్పేదే. యెహెజ్కేలు 13లో నాసిరకం గోడకు సున్నము కొట్టినవారున్నారు, మత్తయి 23లో సున్నము కొట్టిన సమాధులున్నాయి. చల్లపల్లి వాసులకైతే ఇది వేరే చెప్పనక్కరలేదు. 2014 నవంబరులో స్వచ్ఛ చల్లపల్లి మొదలైనప్పుడు వైద్యులు, ఉపాధ్యాయులు, రైతులు తెల్లవారకముందే చీపుర్లు, పారలు పట్టుకుని రోడ్డుమీదికి వచ్చారు. గోడలమీద అందాలు తరువాత వచ్చాయి, ముందు చెత్త ఎత్తారు.

నాకు ఎక్కువ బాధ కలిగించేది రెండో తప్పు. కడగాలన్న ఉద్రేకముతో మిషనును పూర్తిగా తిప్పేవారు. 51వ కీర్తనలో దావీదు తనను కడగమని వేడుకొన్నప్పుడు వాడిన హీబ్రూ మాట ‘కబస్’. అది ఒళ్లు కడుక్కునే మాట కాదు, బట్టలు ఉతికే మాట. చాకిరేవు మాట. ఉతకడములో దెబ్బ ఉంది, కాదనను. కాని రేవులో నిలబడిన రజక సోదరుణ్ణి అడగండి. గోనెపట్టానూ పట్టుచీరనూ ఒకే బండమీద ఒకే దెబ్బ కొడతాడా? ఏ బట్ట ఎంత ఓర్చుకుంటుందో ఆ చేతికి తెలుసు. దావీదు తన్ను తాను అలాంటి చేతికి అప్పగించుకున్నాడు.

గలతీ పత్రిక 6వ అధ్యాయము మొదటి వచనములో, తప్పిదములో దొరికిపోయిన మనిషిని మెత్తని మనసుతో బాగుచేయమని పౌలు రాశాడు. అక్కడి గ్రీకు మాట ‘కటార్టిజో’. మత్తయి 4:21లో యాకోబు యోహానులు పడవలో కూర్చుని వలలు బాగుచేసుకుంటున్నారే, అక్కడ కూడా ఇదే మాట. నాగాయలంక వైపు వెళ్లినప్పుడు చూడండి, తెగిన వలను కాలి బొటనవేలికి తగిలించుకుని, ఒక్కొక్క కన్ను వెదకి ముడివేస్తారు. గట్టిగా లాగితే పక్క కన్ను తెగుతుంది.

ఒక సంఘటన చెబుతాను. సంబంధించిన యువకుణ్ణి అడిగాను, “ఊరూ పేరూ లేకుండా చెప్పండి అయ్యగారూ” అన్నాడు. కొన్ని వివరాలు మార్చాను. యూత్ వారి క్రిస్మస్ చందా డబ్బు అతని దగ్గర ఉంది. ఫోనులో పందేల ఆట ఆడి పోగొట్టుకున్నాడు. కూలి చేసుకునే తల్లులు ఇచ్చిన డబ్బు అది. చిన్న తప్పు కాదు. సంఘ పెద్దలు కూడుకున్నారు, నన్నూ కూర్చోమన్నారు. ఆదివారము ఆరాధనలో నిలబెట్టి చెప్పించాలి, అప్పుడే మిగతావారికి భయముంటుంది అని ఎక్కువ మంది అన్నారు. మన మేస్త్రి ఆ సంఘములో పెద్దే. ఇంతకుముందైతే ఆ మాట మొదట ఆయన నోటినుండే వచ్చేది. ఆ రోజు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, “అన్నయ్యా, మనము సున్నా నాజిలు పెట్టుకు కూర్చున్నాము” అన్నారు.

“అయితే కప్పెట్టమంటావా?” అని ఒకాయన కోపంగా అడిగారు. న్యాయమైన ప్రశ్నే.

“ముప్పై ఏళ్లు కప్పినవాణ్ణి నేనే కదా, కప్పమని ఎందుకంటాను? డబ్బిచ్చినవాళ్లకు సంగతి చెబుదాము, అది వాళ్ల హక్కు. ఊరందరికీ ఎందుకు? ముందు ఇద్దరము వెళ్లి వాడితో మాట్లాడదాము.”

మత్తయి 18:15లో ప్రభువు చెప్పిన మొదటి మెట్టు కూడా చాటుగా మాట్లాడడమే. ఇద్దరు వెళ్లారు. అతను దాచలేదు, ఏడ్చాడు. నెలనెలా కొంత కట్టడానికి ఒప్పుకున్నాడు. డబ్బు బాధ్యత మళ్లీ అప్పగించకూడదని కూడా తీర్మానించారు, అది సరైనదే. కనికరము చూపామని పెట్టె తాళము చేతికి ఇవ్వనవసరము లేదు. చందా ఇచ్చిన తల్లులలో ఒకామె క్షమించలేనని చెప్పింది, ఆమెను ఎవరూ గద్దించలేదు. మేస్త్రి అతణ్ణి తనతో పనికి రమ్మన్నారు. రెండు రోజులు వచ్చి మానేశాడు. వాయిదాలు మాత్రము కడుతున్నాడు. ఆరాధనకు ఇంకా రావడము లేదు. ఒక పెద్ద, “చూశారా, మెత్తగా పోతే ఇంతే” అన్నారట. మేస్త్రిని అడిగితే, “ఇంకా తడిగా ఉందండీ, ఆరాలి” అన్నారు.

ప్రార్థన చేద్దాము. ప్రభువా, ఈ ఉదయము ఇంటి తలుపు మూసుకుని ఒంటరిగా కూర్చున్నవారిని జ్ఞాపకము చేసుకో. ఆ యువకుడు ఎక్కడున్నాడో నీకు తెలుసు. ప్రతి ఆదివారము వాకిలి వైపు చూస్తూ కూర్చునే అతని తల్లిని ఆదరించు. క్షమించలేనని చెప్పిన ఆ సహోదరితో కూడా ఓర్పుగా ఉండు. నిచ్చెనలమీద, పరంజాలమీద నిలబడి పనిచేసే మా సహోదరులను కాపాడు. యేసు నామములో వేడుకొంటున్నాము తండ్రీ, ఆమేన్.