కిక్రికి 1/70 లేదు

(ఆదివాసీ యువజనుల సమావేశంలో మాట్లాడిన మాటలు. రాసి పెట్టమని చాలామంది అడిగారు కాబట్టి కొంచెం సరిచేసి ఇక్కడ పెడుతున్నాం.)



మీ ఇంట్లో కిక్రి ఉందా? డోలు, పెప్రె, కాలికోం ఏదైనా ఉందా? మీ ఇంట్లో లేకపోతే మీ తాత ఇంట్లో, మేనమామ ఇంట్లో ఉండేదా? ఉండేది అంటే మరి ఇప్పుడు ఎక్కడుంది?

ఈ మధ్య ఏ గూడానికి పోయినా నేను ఇదే అడుగుతున్నా. కొందరు చెదలు పట్టింది అంటారు. కొందరు ఇల్లు కాలినప్పుడు పోయింది అంటారు. చిన్నాయన తీసుకుపోయిండు, మళ్లీ తేలేదు అన్నవాళ్లూ ఉన్నారు. కాసేపు కూర్చుని చాయ్ తాగినంక మెల్లగా అసలు మాట బయటికి వస్తది. "అమ్మినం." ఆ మాట అనేటప్పుడు ఆ మనిషి మన ముఖం చూడడు. అట్ల తల దించుకున్నవాళ్ల గురించే ఈ రోజు మాట్లాడదామనుకున్నా.

కిక్రి చూడనివాళ్లు కూడా ఇక్కడ ఉన్నారు, ముఖ్యంగా హాస్టళ్లలో పెరిగిన పిల్లలు. కాబట్టి ముందు అది చెప్తా. చెక్కతో తొలిచి, పొట్ట మీద తోలు బిగించి, మూడు తీగెలు కట్టిన వాయిద్యం అది. ఛాతీకి ఆనించుకుని గుర్రపు వెంట్రుకల కమానుతో వాయిస్తారు. మా ప్రధాన్‌లు, తోటీలు గోండుల పెండ్లిళ్లలో, చావుల్లో, పెర్సాపేన్ కొలుపులో దాన్ని వాయిస్తూ కథ చెప్తారు. ఏ సగకు ఎంతమంది దేవుళ్లు, ఏ ఇంటిపేరు ఎక్కడి నుంచి వచ్చింది, జంగుబాయి ఎవరు, పహండి కుపార్ లింగల్ ఏం చేసిండు, ఇవన్నీ ఆ కథలో ఉంటాయి. గోండు ఇంటి చరిత్ర గోండు ఇంట్లో ఉండదు, వాళ్ల ప్రధాన్ ఇంట్లో ఉంటది. ఇట్ల రెండు ఇండ్లను ముడేసి పెట్టిన పెద్దలు ఎంత తెలివిగలవాళ్లో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

కచార్‌గఢ్ గుహ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటది. లోపల మూసుకుపోయిన పిల్లలు, ఎవరూ కదిలించలేని బండ. హిరాసుక పటాలిర్ వాయిద్యం పట్టుకుని వాయిస్తే లోపల ఉన్నవాళ్లకు బలం వచ్చి బండను నెట్టారని, ఆ బండ కిందనే ఆయన నలిగిపోయిండని చెప్తారు. మన తొలి పాటగాడు అట్ల పోయిండు. అందుకే మొక్కకుండా ఎవరూ కిక్రిని చేతికి తీసుకోరు.

ఇప్పుడు మా పెద్దబాపు సంగతి. ఆయన చెప్పమంటేనే చెప్తున్నా. పేరు మాత్రం వద్దన్నాడు.

కోడలు కాన్పు కష్టమైంది. సర్కారు దవాఖాన నుంచి పట్నంలో ప్రైవేటుకు పంపారు. అక్కడ ముందు డబ్బు కట్టమన్నారు. పత్తి ఇంకా ఏరలేదు. ఎద్దులు అప్పటికే షావుకారు దగ్గర కుదువ ఉన్నాయి. అంతకు రెండు నెలల ముందే కారులో ఒకాయన ఊళ్లు తిరిగిపోయిండు. పాత ఇత్తడి బొమ్మలు, పాత డోళ్లు, పాత కిక్రిలు ఉంటే కొంటా అని ఫోన్ నంబర్ రాసిచ్చిపోయిండు. పెద్దబాపు కొడుకు ఆ నంబర్‌కు ఫోన్ చేసిండు. తెల్లారి ఆయన వచ్చిండు, ఆరు వేలు చేతిలో పెట్టిండు. కమాను కూడా ఇవ్వాలన్నాడు. కాగితం లేదు, బిల్లు లేదు. తల్లి బతికింది, బిడ్డా బతికింది. ఆ పిల్లకు ఇప్పుడు ఐదేండ్లు. అందుకే పెద్దబాపును తప్పు చేసినవు అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. దవాఖాన బిల్లు ముందు కిక్రిని నిలబెట్టి మాట్లాడే ధైర్యం నాకు లేదు, మీకూ వద్దు.

అయినా ఆయన బాధ ఆగలేదు. ఆ బాధ ఎట్లాంటిదో మనం అర్థం చేసుకోవాలె.

పోయిన ఏడు మేం ఇద్దరం ఫోన్ పట్టుకుని ఆయన దగ్గరికి పోయినం. పాట లేకున్నా ఫరవాలేదు, కథ మాటల్లో చెప్పు పెద్దబాపూ, రికార్డు చేసుకుంటం అన్నం. మొదలు పెట్టిండు. గోండీ, మరాఠీ కలిసిన ఆ పాత మాటలు బాగానే వచ్చినయ్. తర్వాత ఒకచోట ఆగిండు. మళ్లీ మొదటికి వచ్చిండు. మళ్లీ అక్కడనే ఆగిండు. కుడిచెయ్యి మాత్రం గాలిలో కమాను లాగుతున్నట్టు కదులుతుంది. చివరికి, "నోటికి రాదు బిడ్డా, చేతికి వస్తది. చేతిలో అది లేదు" అన్నాడు.

నేను అప్పటిదాకా ఆరు వేలకు ఒక కిక్రి పోయింది అనుకుంటున్నా. ఆ రోజు అర్థమైంది, ఆ కారు డిక్కీలో ఇంకా చాలా పోయింది. రెండు కథల మధ్య తీగె మీద ఒక చిన్న వాయింపు ఉంటది. అది వస్తే దాని వెనక తర్వాతి కథ వస్తది. రాత్రంతా చెప్పే కథ అట్లనే గుర్తుంటది. పుస్తకం చదివినట్టు వరుసగా గుర్తుండదు. మొన్న పుస్ మాసంలో పేన్ దగ్గర కొలుపుకు వియ్యంకుల ఊరి నుంచి కిక్రి అడిగి తెచ్చుకున్నారు. ఆ ఊరివాళ్లకూ అదే రోజుల్లో కొలుపు. తెల్లారకముందే తిరిగి ఇయ్యాలె. కథ సగంలో ఆపేసిండ్రు. ఆ ఇంటిపేరు గోండులు నాలుగు ఊర్ల నుంచి వచ్చి కూర్చున్నారు, సగం విని లేచిపోయారు.

అమ్మింది ఒక్క మనిషి. పోగొట్టుకున్నది నాలుగు ఊర్లు. తల దించుకుంటున్నది మాత్రం ఆ ఒక్క మనిషే.

ఇక్కడ గోండు అన్నదమ్ములకు ఒక మాట, కోపం చేసుకోవద్దు. మీ తాతలు మా తాతలకు కొలుపుకు ధాన్యం ఇచ్చారు, పెండ్లికి బట్టలు, ఆవును ఇచ్చారు. 1940లలో మన ఊర్లలో తిరిగిన హైమెన్‌డార్ఫ్ కూడా ఆ ఇచ్చిపుచ్చుకోవడాల గురించి రాసిండు. ఇప్పుడు పెండ్లికి డీజే వస్తుంది. డీజేకు అడ్వాన్సు ఇస్తారు. ప్రధాన్ వస్తే అన్నం పెట్టి, చేతిలో వంద పెట్టి పంపుతారు. మీకూ పత్తి నష్టమే, మీకూ అప్పులే, నాకు తెల్వదా. కానీ కిక్రి పట్టినవాడి ఇంట్లో గింజలు లేకపోతే కిక్రి గోడ మీద ఎన్ని రోజులుంటది?

"అమ్మితే అమ్మినం, ఇంకోటి చేసుకుంటే అయిపాయె" అంటారు కొందరు పిల్లలు. చేసుకోవచ్చు, చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. కానీ ఏ చెక్కతో? కర్ర కోసం అడవికి పోతే ఏం జరుగుతదో మీకు నేను చెప్పాల్సిన పని లేదు. 2006 అటవీ హక్కుల చట్టంలో చిన్నతరహా అటవీ ఉత్పత్తుల కింద వెదురు ఉంది, తేనె ఉంది, కలప లేదు. గుర్రాలు మన ఊర్లలో ఎక్కడున్నాయి, వెంట్రుకలు తెద్దామంటే? అన్నీ దొరికినా కొత్త కిక్రి కొత్తదే. పాత పొట్ట ఇచ్చే నాదం దానికి రావడానికి ఏండ్లు పడుతుందని పెద్దలు చెప్తారు.

ఇంకొందరు మ్యూజియం మాట తెస్తారు. హైదరాబాద్ మాసాబ్ ట్యాంక్‌లో నెహ్రూ శతజయంతి గిరిజన మ్యూజియం ఉంది, జోడేఘాట్‌లో కొమురం భీం మ్యూజియం ఉంది. పిల్లల్ని తీసుకుపోయి చూపించండి, నేను కాదనను. వ్యాపారి చేతికి పోయేకంటే అక్కడ ఉండటం నయం. కానీ కొలుపు రోజు పోయి ఒక్క రాత్రికి ఇవ్వండి అంటే అద్దాల పెట్టె తెరుస్తారా? ఇక వ్యాపారి చేతికి పోయినవి ఎటు పోతాయో కూడా చెప్తా. ఒక ఫొటో నాకు ఎవరో పంపారు. ఏదో రిసార్టు గోడ మీద రెండు కిక్రిలు, కత్తుల్లాగ ఒకదాని మీద ఒకటి అడ్డంగా కొట్టి పెట్టారు. తీగెలు లేవు. పెద్దబాపుకు ఆ ఫొటో చూపించలేదు.

ఇప్పుడు హక్కుల మాట. మనందరికీ 1/70 తెలుసు. షెడ్యూల్డ్ ప్రాంతంలో భూమి గిరిజనేతరుడికి రాసిచ్చినా చెల్లదు. ఎందుకు పెట్టారు ఆ చట్టం? ఆకలిలో ఉన్న మనిషి పెట్టిన వేలిముద్రను ఇష్టపూర్వకంగా పెట్టిన సంతకం అనుకోవద్దని కదా. షావుకారు చేతికి భూమి ఎట్ల పోయిందో కిక్రి కూడా అట్లనే పోతుంది. అదే అప్పు, అదే దవాఖాన, అదే పెండ్లి ఖర్చు. కానీ భూమికి 1/70 ఉంది, కిక్రికి లేదు.

ఏమీ లేదా అంటే, కొంత ఉంది. 1996 పీసా చట్టం సెక్షన్ 4(డి) చదవండి. మన సంప్రదాయాలను, ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును, ఉమ్మడి వనరులను కాపాడుకునే అధికారం గ్రామసభకు ఉందని అందులో రాసి ఉంది. గిరిజనులకు అప్పులిచ్చే వడ్డీ వ్యాపారం మీద అదుపు గురించి కూడా అదే సెక్షన్ 4లో ఉంది. అటవీ హక్కుల చట్టం 3(1)(కె) జీవవైవిధ్యంతో, సాంస్కృతిక వైవిధ్యంతో ముడిపడిన సంప్రదాయ జ్ఞానం మీద సమూహానికి హక్కు ఇచ్చింది. ఇంకొకటి చాలామందికి తెల్వదు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం చరిత్ర విలువ ఉండి వందేండ్లు దాటిన వస్తువు పురావస్తువు. లైసెన్సు లేకుండా దానితో వ్యాపారం చేయకూడదు, ప్రైవేటు మనిషి దాన్ని దేశం దాటించకూడదు. మీ ఇంట్లో ముత్తాత కాలం నాటి కాలికోం ఉంటే, కోయల ఇండ్లలో పాత పడిగె ఉంటే, కొంటా అని వచ్చినవాడిని ముందు లైసెన్సు చూపించమనండి. సగంమంది అక్కడి నుంచే కారు తిప్పుకుంటారు.

గ్రామసభ తీర్మానం చేయగానే పాత అమ్మకాలు రద్దయిపోతాయని నేను చెప్పను. అట్ల చెప్పేవాళ్లను నమ్మొద్దు. కానీ తీర్మానం ఉంటే మూడు పనులు జరుగుతాయి. కొలుపులో వాడే వాయిద్యాలు ఎవరెవరి ఇంట్లో ఉన్నాయో ఫొటోతో సహా రిజిస్టర్‌లో ఎక్కుతాయి, కాబట్టి దొంగచాటుగా పోవు. అది ఒక్కరి సొత్తు కాదు, ఆ సగది, ఆ ఊరిది అని రాతలో ఉంటది, కాబట్టి అమ్మకానికి ఒక్కడినే ఒత్తిడి చేయలేరు. మూడోది అన్నిటికంటే ముఖ్యం. కిక్రి ఉన్న ఇంటికి కష్టం వస్తే ఊరు ఏం చేయాలో కూడా అందులోనే రాసుకోవాలె. ఈ మూడోది లేకుండా "అమ్మకూడదు" అని మాత్రమే రాస్తే అది కట్టడి అయితది. బీదవాడి మెడకు ఇంకో తాడు అయితది. అట్లాంటి తీర్మానానికి నేను చెయ్యెత్తను.

మా దగ్గర పిల్లలు ఒక లెక్క వేశారు. కొలుపుకు వచ్చే ఇండ్లన్నీ ఇంటికి ఇంత అని పంటకాలంలో వేస్తే డబ్బాలో కొంత జమ అయితది. కిక్రి, డోలు, పెప్రె ఉన్న ఇండ్లకు ఆపద వస్తే ముందు అందులోంచి ఇవ్వాలె. అది చాలకపోతే కిక్రిని కుదువ పెట్టుకోవచ్చు, కానీ సగ లోపలే, ఇంకో ప్రధాన్ ఇంట్లోనే. అక్కడైతే వాయిస్తారు. గోడకు కొట్టరు. ధాన్యం ఇచ్చే పాత పద్ధతి మళ్లీ మొదలుపెడదామని ఇద్దరు పటేళ్లు ఒప్పుకున్నారు. మిగతావాళ్లు ఇంకా ఆలోచిస్తున్నారు.

పెద్దబాపు ఇప్పుడు వియ్యంకుల కిక్రి మీదనే ఇద్దరు పిల్లలకు నేర్పుతున్నాడు, వానకాలం పనులు లేని రోజుల్లో. ఆగిపోయిన చోటు దాటిండు. ఇంకో రెండు చోట్ల తడబడుతున్నాడు, అక్కడ తోటీల ఇంట్లో ఒక ముసలమ్మ మాట అందిస్తుంది. ఆమె ఎప్పుడూ కిక్రి పట్టలేదు, నలభై ఏండ్లు పక్కన కూర్చుని విన్నది. ఆమె గురించి ఇంకోసారి మాట్లాడుకుందాం.

మీ ఇంట్లో ఉన్నది ఏ స్థితిలో ఉన్నా, తోలు చిరిగినా, తీగె తెగినా, పారేయకండి, ఇయ్యకండి. మాకు చెప్పండి, బాగు చేసేవాళ్ల దగ్గరికి తీసుకుపోదాం. ఇప్పటికే అమ్మినవాళ్లు ఉంటే వాళ్లను ఏమీ అనకండి. ఎవరికి అమ్మారు, ఎప్పుడు, ఎంతకు, ఆ రోజు ఏ అవసరం వచ్చింది, ఈ నాలుగు ముక్కలు రాసుకోండి. దండారి మొదలయ్యేలోపు మన మండలం వరకైనా ఆ లెక్క పూర్తి కావాలె. మీ ఊరి గ్రామసభ ఎప్పుడో చెప్తే నమూనా తీర్మానం కాగితం పట్టుకుని మాలో ఎవరో ఒకరం వస్తాం.