సైకిలు మన కొలతకు ఉండాలె
(మండల సమాఖ్య వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం తరఫున చేసిన ప్రసంగం)



ఈ ఏడాది మా సంఘంలో బర్రెలకు, కుట్టు మిషన్లకు అప్పులు తీసుకున్నట్టే కొందరం సైకిళ్లకు కూడా తీసుకున్నం. కిస్తీలు మంచిగనే కడుతున్నం. కాని కొన్ని సైకిళ్లు మూడు నెలలకే గోడకు ఆనినయి. ఎందుకని సంఘం సమావేశంలో కూసొని మాట్లాడుకున్నం. మోకాళ్ల నొప్పి, నడుము నొప్పి, ఆగేటప్పుడు కాలు అందకపోవుడు, కొంగు చక్రంలో పడుడు, ఇవీ వచ్చిన మాటలు. సైకిలు చెడిపోయిందని ఒక్కరూ అనలేదు.

ఉచిత బస్సు ఉండంగ సైకిలెందుకని కొందరు అడుగుతరు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో మనకు టికెట్టు లేదు, నిజమే. కాని బస్సు మన ఇంటి ముందర ఆగదు. స్టేజీ దాకా పోవాలె. బీడీలు కార్ఖానాకు అప్పజెప్పాలె. తాటిపల్లి, నూకపల్లి అసొంటి ఊర్ల నుంచి మల్యాలకు చదువుకోను వచ్చే బిడ్డ బస్సు తప్పితే ఆ రోజు బడి తప్పినట్టే. సైకిలు మూలకు పడితే ఈ పనులన్నీ ఇంకొకరి బండి మీద ఆధారపడుతయి.

లేడీస్ సైకిలుకు నడిమి కడ్డీ ఎందుకు ఉండదు? ఇప్పటి తీరు రెండు దాదాపు సమాన చక్రాల చైన్ సైకిలు 1885లో ఇంగ్లండులో వచ్చింది. అక్కడి ఆడవాళ్లు అప్పుడు పాదాల దాకా గౌన్లు తొడిగేవాళ్లు. కాలెత్తి కడ్డీ దాటే వీలు లేదు. అందుకే కొన్నేండ్లకే కడ్డీని కిందికి దించి, చైన్‌కు మూత, వెనుక చక్రానికి జాలి పెట్టిన్రు. అంటే ఆ మార్పులు బట్టల కోసం చేసినవి. మన చీరకు, చున్నీకి అవి ఇప్పటికీ అవసరమే. మోటరు సైకిలుకైతే వెనుక కూసున్నవాళ్ల బట్టలు పడకుండ వెనుక చక్రం సగమన్న మూసి ఉండాలని కేంద్ర మోటారు వాహనాల నిబంధనే ఉన్నది. సైకిలుకు జాలి ఉన్నదా లేదా మనమే చూసుకోవాలె.

మరి ఒంటి కొలత సంగతి? సాధారణంగా మగవాళ్ల కంటే మనం పొట్టి, భుజాలు సన్నం, చేతులు చిన్నయి. కూసున్నప్పుడు ఆనే ఎముకల నడుమ ఎడం మాత్రం మనకు ఎక్కువ. అందుకని ఆడవాళ్ల సీటు వెనుక వెడల్పుగ, ముందు పొట్టిగ చేస్తరు. కాని ఆడవాళ్లందరం ఒక్క ఎత్తు లేము కద. దుకాణంలో "ఇరవై ఆరు" అని చెప్పేది చక్రం కొలత. ఫ్రేము మనకు సరిపోతదా లేదా అన్నది ఆ అంకె చెప్పదు.

కడ్డీ లేకపోతే ఇంకో సంగతి కూడా ఉన్నది. ఫ్రేముకు బలమిచ్చేది ఆ కడ్డీయే. అది లేనప్పుడు వెనుక బియ్యం బస్తా పెడితే సైకిలు ఊగుతది. బరువు మోసేవాళ్లకు కడ్డీ ఉన్నదే నయం కావచ్చు. 1991లో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో కలెక్టర్ షీలా రాణి చుంకత్ అక్షరాస్యత ఉద్యమంలో సైకిలు నేర్పుడు కూడా చేర్చిన్రు. వేల మంది ఆడవాళ్లు నేర్చుకున్నరు. లేడీస్ సైకిళ్లు చాలక జెంట్స్ సైకిళ్లే తొక్కిన్రు. కడ్డీ మీద పిల్లను కూసోబెట్టుకోవచ్చని కొందరు వాటినే మెచ్చుకున్నరు. కాబట్టి పేరు చూసి కాదు, మన పని చూసి, మన కొలత చూసి తీసుకోవాలె.

కొనేముందు ఈ మూడు చూసుకోవాలె.

ఒకటి, సైకిలును కాళ్ల నడుమ పెట్టుకొని నిలబడితే రెండు పాదాలు నేలకు పూర్తిగ ఆనాలె. కడ్డీ ఉంటే పైన కనీసం రెండు వేళ్ల సందు ఉండాలె.

రెండు, సీటు మీద కూసొని, కిందికి ఉన్న పెడలు మీద మడమ పెడితే కాలు చాపుగ రావాలె. తొక్కేటప్పుడు పాదం ముందు భాగం పెడతం గనుక మోకాలు కొంచెం వంగుతది. సీటు మరీ కిందికుంటే మోకాళ్లు నొస్తయి, మరీ పైకుంటే నడుము అటూ ఇటూ ఊగుతది. కొత్తగ నేర్చుకునేవాళ్లు మొదట సీటు దించుకొని, భయం పోయినంక లేపుకోవాలె.

మూడు, హ్యాండిలు పట్టుకుంటే మోచేతులు కొంచెం వంగి ఉండాలె. వేళ్లు చాపకుండనే బ్రేకు అందాలె. తీగ బ్రేకులలో కొన్నిటికి చిన్న స్క్రూ ఉంటది, తిప్పితే బ్రేకు దగ్గరికొస్తది.

సీటు బోల్టు ఒక్క పానాతోని వదులైతది. గోడకు ఆనిన సైకిళ్లలో కొన్నిటికి ఆ పానా చాలు.

అక్కలారా, జాకెట్టు కుట్టియ్యాలంటే కొలత ఇయ్యకుండ ఇస్తమా? వేల రూపాయల సైకిలు మాత్రం ఇంట్ల మగవాళ్లు పోయి తెస్తే తీసుకుంటున్నం. సైకిలుకు అప్పు ఇచ్చేటప్పుడు, తొక్కే మనిషే దుకాణానికి పోయి, ఎక్కి, తొక్కి చూసి కొనాలని సమాఖ్య తీర్మానం చెయ్యాలె. నెల దాటినంక సంఘం సమావేశంలో కిస్తీతో పాటు సైకిలు నడుస్తున్నదా అని కూడా అడగాలె. ఇది మా సంఘం కోరిక.