గుండెమంట, పథ్యము, ప్రమాదము
(కోటవురట్లలో పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



రోడ్లు, వీధి దీపములు, మంచినీళ్లు మీరు నిత్యము చర్చించు విషయములు. నేడు మనము పులిత్రేనుపులను గూర్చి మాట్లాడుకొందము. ఇది చిన్న విషయమని తలపవలదు. “గ్యాసు” అను ఒక్క మాట క్రింద మన పల్లెలలో రెండు వేర్వేరు సంగతులు కలిసిపోవుచున్నవి. ఒకటి పథ్యముతో కుదుటపడు అజీర్ణము. రెండవది, ఆలస్యమైనచో ప్రాణము తీయు వ్యాధి. ఈ రెంటిని వేరుచేసి చూపుటయే మా ఉద్దేశ్యము.

మొదటిదానిని ఆయుర్వేదము అమ్లపిత్తమనును. అన్నము అరుగకపోవుట, వికారము, చేదుగా పుల్లగా త్రేనుపులు వచ్చుట, రొమ్ములోను గొంతులోను మంట, అరుచి దాని లక్షణములని మాధవకరుడు తన మాధవనిదానమున వివరించెను. కడుపులోని ఆమ్లము అన్నవాహికలోనికి ఎగదన్నుటచే ఈ మంట కలుగునని నేటి వైద్యులు చెప్పుదురు.

ఇది ఎందుకు వచ్చును? చెరకు నరికి బెల్లము వండు దినములను తలచుకొనుడు. పరగడుపున టీ, పొద్దు వాలిన పిదప అన్నము, రాత్రి ప్రొద్దుపోయి కడుపునిండ భోజనము, చేయి కడిగిన వెంటనే పక్క. పని తప్పదు, కాని వేళ తప్పుటను కొంతవరకైనను మాన్పుకొనవచ్చును.

కడుపును మూడు భాగములుగా భావించి, ఒకటి అన్నమునకు, ఒకటి ద్రవమునకు, మూడవది వాతపిత్తకఫముల సంచారమునకు విడువవలెనని చరకసంహిత బోధించుచున్నది. దీనికి ఖర్చు లేదు. రాత్రి భోజనమునకు, నిద్రకు నడుమ రెండు మూడు గంటల వ్యవధి ఉండవలెను. మంట బాధించువారు మంచపు తలవైపు కోళ్ల క్రింద ఆరంగుళముల ఎత్తున ఇటుకలు పెట్టి, ఎడమ ప్రక్కకు తిరిగి పండుకొనిన మేలు.

పాత బియ్యపు అన్నము, పెసరకట్టు, పొట్లకాయ, కాకరకాయ, బూడిదగుమ్మడి, దానిమ్మ, ఉసిరిక పథ్యములని వైద్యగ్రంథములు చెప్పుచున్నవి. మిక్కిలి పులిసిన పెరుగు, ఊరగాయ కారము, నూనెలో వేగిన పిండివంటలు తగ్గింపవలెను. చోడి అంబలి మంచిదే. అది మిక్కిలి పులిసి పడనివారు తాజాగా కాచుకొని త్రాగవలెను. ఒకరికి పడినది మరియొకరికి పడకపోవచ్చును గనుక ఎవరికి వారు గమనించుకొనుటయే ఉత్తమము. చుట్ట, అడ్డపొగ, సారాయి ఈ మంటకు ఆజ్యము పోయునవే.

మంట పుట్టినప్పుడెల్ల వంటసోడా నీళ్లలో కలిపి త్రాగువారున్నారు. అందలి ఉప్పు గుణము రక్తపుపోటు గలవారికి కీడు చేయును. ఒంటినొప్పులకు అంగడిలో కొని మ్రింగు మాత్రలు కడుపులో పుండ్లు కలిగింపగలవు. అవిపత్తికర చూర్ణము వంటి మందులనైనను వైద్యుని సలహాపైననే వాడవలెను; అందు విరేచనము చేయు తెగడ వేరు కలదు.

ఇక రెండవ సంగతి. రొమ్ము మధ్య బిగపట్టినట్లు నొప్పి, అది ఎడమచేతికో దవడకో ప్రాకుట, చెమటలు, ఆయాసము కనబడినచో అది గ్యాసు కాదు, గుండెపోటు కావచ్చును. సోడా త్రాగి తెల్లవారువరకు చూతమనుట ప్రమాదకరము. వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి చేర్పవలెను. నల్లని విరేచనము, రక్తపు వాంతి కనబడినను ఇట్లే త్వరపడవలెను. మ్రింగుట కష్టమైనను, కారణము లేక చిక్కిపోవుచున్నను పథ్యముతో కాలము గడపక వైద్యునికి చూపవలెను.

ఇందు పంచాయతీ చేయదగినదేమి? 1982లో ఆస్ట్రేలియా వైద్యులు బారీ మార్షల్, రాబిన్ వారెన్ కనుగొనిన సూక్ష్మజీవియే అనేకుల కడుపు పుండ్లకు మూలమని తేలినది. 2005లో వారికి నోబెల్ బహుమతి లభించెను. అది అశుభ్రమైన నీటి వలనను, ఆహారము వలనను వ్యాపింపవచ్చును. కావున నీళ్ల ట్యాంకును వేళకు కడిగించి క్లోరిన్ కలిపించుట గూడ కడుపునకు వైద్యమే. పైన చెప్పిన ప్రమాద చిహ్నములను పంచాయతీ నోటీసు బోర్డుపై పెద్ద అక్షరములతో వ్రాయించి, గ్రామసభలో చదివి వినిపింపుడు. రాత్రివేళ రోగిని తరలించుటకు వాహనము గలవారి ఫోను నంబర్లను వార్డు సభ్యులు తమ వద్ద ఉంచుకొనవలెను.

పథ్యము ప్రతి ఇంటి పని. ప్రమాదమును గుర్తించి రోగిని ఆసుపత్రికి చేర్చుట ఊరందరి పని. ఈ రెండవదానికి మీరు ముందు నడుతురని మేము విశ్వసించుచున్నాము.