సభామర్యాద - పరోక్షపు ఓటు



1863లో అమెరికాలోని న్యూ బెడ్‌ఫర్డ్ నగరమున ఒక చర్చి సభకు అధ్యక్షత వహింపుమని హెన్రీ రాబర్టు అను సైనిక ఇంజనీరును కోరిరి. సభ నడుపు విధము నెఱుగని ఆతడు గందరగోళమును ఆపలేక సిగ్గుపడెను. ఆ పరాభవమే 1876లో వెలువడిన ఆతని సభానియమ గ్రంథమునకు బీజమయ్యెను.

ఆ సంప్రదాయమున కార్యక్రమ పట్టికను సభ ఆమోదించువరకు మార్పునకు సగమునకు మించిన ఓట్లు చాలును. పిదప సాధారణముగా మూడింట రెండు వంతులు కావలెను. ప్రొద్దుపోయి జనము పలుచబడిన వేళ క్రొత్త విషయమును చొప్పించు నేర్పరులకు ఇది కళ్ళెము.

పరోక్షపు ఓటును ఆ సంప్రదాయము మెచ్చదు. మన 2013 కంపెనీల చట్టము వాటాదారునకు ప్రతినిధిని పంపు హక్కు నిచ్చినది. కాని ఆ ప్రతినిధి సభలో మాటాడరాదు. వాటాల లెక్కకు ప్రతినిధి చాలును. ఎదుటివాని మాట విని మనసు మార్చుకొనుటకు మాత్రము మనిషియే రావలెను.